రెండో కార్డు ఏం చేస్తుంది? ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నా పీసీలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1070. 2016 నాటి కార్డు, 8 గిగాబైట్ల మెమరీ. 1440పీ (2560×1440 పిక్సెళ్ళ) మానిటర్ వచ్చినప్పటి నుంచి పాపం రొప్పుతూనే ఉంది. కొత్తది కొనే ఆలోచన నెలనెలా వాయిదా పడుతోంది. ఇంతలో నా స్నేహితుడు తన పీసీ మార్చుకున్నాడు. వాడి పాత కార్డూ 1070యే. "రెండు వారాలు ఉంచుకోరా, తర్వాత మా చెల్లెలి పీసీకి కావాలి" అని చేతిలో పెట్టాడు. రెండు ఎన్విడియా కార్డులను ఒకే ఆట మీద పనిచేయించే పద్ధతి ఎస్‌ఎల్‌ఐ; దానికోసం కార్డులను కలిపే బ్రిడ్జి కూడా దాంతోపాటే ఇచ్చాడు. వాడి సొరుగులో అది ఎందుకుందో వాడికే గుర్తులేదు.

ఆటలకు రెండు కార్డులు పెట్టే పద్ధతి చచ్చిపోయిందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కాకపోతే ఏ జబ్బుతో చచ్చిందో దగ్గరుండి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. ఈ డైరీ అందుకే.

ముందు మదర్‌బోర్డు సంగతి. పొడుగు స్లాట్లు మూడున్నాయి. పై రెండూ ప్రాసెసర్ నుంచి వచ్చే 16 లేన్లను (సమాచారం నడిచే దారులను) పంచుకుంటాయి. ఒక్క కార్డే ఉంటే 16 దానికే, రెండుంటే చెరి 8. అట్టడుగున ఉన్న మూడోది చూడ్డానికి పొడుగ్గానే ఉంటుంది గానీ లోపల 4 లేన్లే, అవీ చిప్‌సెట్ మీదుగా వస్తాయి.

గాలి బాగా ఆడుతుందని రెండో కార్డును ఆ అడుగు స్లాట్‌లో పెట్టాను. విండోస్‌కు రెండూ కనపడ్డాయి. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్‌కూ కనపడ్డాయి. కానీ సెట్టింగుల్లో ఎస్‌ఎల్‌ఐ అనే మాటే లేదు. డ్రైవర్ తీసి మళ్ళీ వేశాను. బ్రిడ్జి తిప్పి పెట్టాను. గంటన్నర పోయాక అసలు విషయం వెలిగింది. ఎస్‌ఎల్‌ఐకి ఒక్కో కార్డుకు కనీసం 8 లేన్లు ఉండాలి, 4 ఉంటే ఎన్విడియా డ్రైవర్ ఒప్పుకోదు. పోటీ కంపెనీ ఏఎండీకి ఇలాంటిదే క్రాస్‌ఫైర్ అనే పద్ధతి ఉండేది, అదైతే 4 లేన్లతోనూ సర్దుకునేది. చేసేది లేక కార్డును మధ్య స్లాట్‌లోకి మార్చాను. ఇప్పుడు రెండు కార్డుల మధ్య చిటికెన వేలు దూరేంత సందు కూడా లేదు. ఎస్‌ఎల్‌ఐ ఆప్షన్ మాత్రం వచ్చింది.

2వ రోజు

ఆట మొదలుపెట్టిన మూడో నిమిషంలో పీసీ దానంతటదే రీస్టార్ట్. మళ్ళీ ఆడితే మళ్ళీ అంతే. 650 వాట్ల పవర్ సప్లై చాలదేమోనని కంగారుపడ్డాను. లెక్క వేస్తే చాలాలి. ఒక్కో 1070 గరిష్ఠంగా 150 వాట్లు, ప్రాసెసర్‌కు ఇంకో వంద వేసుకున్నా 400 చుట్టూ తేలుతుంది.

తప్పు నాదే. పవర్ సప్లై నుంచి వచ్చే ఒకే తీగకు రెండు తలలుంటే, బద్ధకంతో ఆ రెండు తలలనూ రెండు కార్డులకు గుచ్చేశాను. రెండో కార్డుకు వేరే తీగ లాగాక గంటసేపు ఆడినా చెక్కుచెదరలేదు. రెండు కార్డులు పెట్టేవాళ్ళెవరైనా సరే, కార్డుకో తీగ. దీన్ని నేను రీస్టార్టులతో నేర్చుకున్నాను.

3వ రోజు

ఈ రోజు పండగ. షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్ అనే 2018 నాటి ఆట రెండు కార్డులను బాగా వాడుకుంటుందని పేరు. దానిలోనే ఉన్న బెంచ్‌మార్క్‌ను (వేగం కొలిచే పరీక్షను) 1440పీలో, సెట్టింగులన్నీ పైకి పెట్టి నడిపాను. ఒక కార్డుతో సెకనుకు సగటున 56 ఫ్రేములు, అంటే 56 బొమ్మలు. రెండింటితో 97. రెండు కార్డులూ తొంభై శాతానికి పైన పనిచేస్తున్నాయి. కదలిక కూడా నున్నగా ఉంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అబద్ధమెందుకు.

ఇక్కడ ఇంత బాగా నడవడానికి కారణముంది. పాత ఆటల్లో పని పంచేది డ్రైవర్. ఆట లోపల ఏం జరుగుతోందో దానికి పూర్తిగా తెలియదు, ఆ ఆట కోసం ముందే తయారుచేసిన ప్రొఫైల్‌ను నమ్ముకుని పంచుతుంది. ఆటలు కార్డుతో మాట్లాడటానికి విండోస్‌లో ఉండే ఏర్పాటు డైరెక్ట్‌ఎక్స్. 2015లో వచ్చిన దాని 12వ వెర్షన్ ఆ పెత్తనాన్ని ఆట రాసేవాళ్ళ చేతికిచ్చింది. ఏ కార్డులో ఏముండాలి, దేన్ని ఎప్పుడు కాపీ చేయాలి అన్నదంతా వాళ్ళే రాసుకోవాలి. ఈ ఆటవాళ్ళు ఓపిగ్గా రాశారు. యాషెస్ ఆఫ్ ది సింగులారిటీ అనే ఆటైతే ఇంకో మెట్టు ఎక్కి, ఎన్విడియా కార్డునూ ఏఎండీ కార్డునూ ఒకే పీసీలో కలిపి నడిపించింది.

చిక్కల్లా ఓపిగ్గా రాసినవాళ్ళు చాలా తక్కువమంది కావడమే. ఒక కంపెనీ ఆ కోడ్ రాసి, పరీక్షించి, ప్రతి అప్‌డేట్‌కూ సరిచూసుకోవాలి. అదంతా రెండు కార్డులున్న కొద్దిమంది కోసం. నేను ఆ కుర్చీలో ఉంటే నేనూ రాయను.

4వ రోజు

నిన్నటి ఊపులో ఒక పాత డైరెక్ట్‌ఎక్స్ 11 ఆట తీశాను. దీనికి డ్రైవర్‌లో ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్ ఉంది. ఒక కార్డుతో 46 ఫ్రేములు, రెండింటితో 77. కాగితం మీద అదిరిపోయింది.

ఆడుతుంటే మాత్రం ఏదో తేడాగా ఉంది. మూలన అంకె 77 అంటోంది, కన్ను ఒప్పుకోవడం లేదు. అటూ ఇటూ తిరిగినప్పుడు గోడల అంచులు సన్నగా వణుకుతున్నాయి. మౌస్ తిప్పితే బొమ్మ కాస్త ఆలస్యంగా వెంట వస్తోంది. నిద్ర చాలక నాకే అలా అనిపిస్తోందేమోనని ఆపేశాను.

5వ రోజు

నిద్ర సరిపడా పోయాను. తేడా అలాగే ఉంది. ఇక సగటు చూడటం మానేసి, ఒక్కో ఫ్రేము మధ్య ఎంత సమయం పట్టిందో ప్రెజెంట్‌మాన్ అనే కొలిచే టూల్‌తో రికార్డు చేశాను.

వచ్చిన గ్రాఫ్ రంపపు పళ్ళలా ఉంది. ఒక ఫ్రేము 6 మిల్లీసెకన్లకు వస్తోంది, తర్వాతిది 20కి, మళ్ళీ 6, మళ్ళీ 20. రెండూ కలిపితే 26, సగటు 13. సెకనుకు 77 అన్నమాట. లెక్క తప్పలేదు. కానీ 6 మిల్లీసెకన్ల ఫ్రేము ముందుదాని మీదే పడిపోతోంది, దాన్ని కన్ను విడిగా పట్టుకోలేదు. కన్నుకు తెలిసేది ఆ 20 మిల్లీసెకన్ల ఎదురుచూపే. ప్రతి ఫ్రేమూ 20 మిల్లీసెకన్లకు వస్తే సెకనుకు 50 అవుతుంది. ఒక కార్డు నాకు 46 ఇస్తోంది. అంటే ఇంత హడావుడీ చేసి 46 నుంచి 50కి వచ్చాను. వాపు చూసి బలుపనుకోవడమంటే ఇదే.

ఇదెందుకు జరుగుతుందంటే, ఎస్‌ఎల్‌ఐలోనూ క్రాస్‌ఫైర్‌లోనూ ఎక్కువగా వాడింది ఫ్రేములను వంతులవారీగా పంచే పద్ధతి. బేసి ఫ్రేములు ఒక కార్డు గీస్తే, సరి ఫ్రేములు రెండోది గీస్తుంది. ఇద్దరూ సరిగ్గా సగం సగం ఎడంతో నడిస్తే బొమ్మ నున్నగా ఉంటుంది. ఎడం తప్పితే రెండు ఫ్రేములు జంటగా వచ్చి పడతాయి, తర్వాత ఖాళీ. దీనికే మైక్రో స్టట్టర్ అని పేరు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) మాత్రమే చూసినంతకాలం ఇది ఎవరి గ్రాఫులోనూ దొరకలేదు. 2011 ప్రాంతంలో కొందరు సమీక్షకులు ఫ్రేముల మధ్య సమయాన్ని కొలవడం మొదలుపెట్టాకే అందరి దృష్టికీ వచ్చింది. 2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే కొలిచే పద్ధతిని తెచ్చింది. ఏఎండీ అదే ఏడాది ఫ్రేముల ఎడం సరిచేసే డ్రైవర్ విడుదల చేసింది.

మౌస్ ఆలస్యం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. రెండు కార్డులున్నా ఒక ఫ్రేమును మొదటి నుంచి చివరి దాకా గీసేది ఒకే కార్డు. నా గ్రాఫులో ఆ పనికి 26 మిల్లీసెకన్లు పడుతోంది. ఒంటరిగా ఉన్నప్పుడు అదే కార్డు 22లోపే ముగించేది, జంట కట్టాక ఒకరికోసం ఒకరు ఆగడంతో పెరిగింది. అంటే నా చెయ్యి కదిలాక బొమ్మలో మార్పు కనపడటానికి ఒక్క కార్డుతో పట్టేదానికన్నా ఎక్కువ సమయం పడుతోంది. ఫ్రేములు పెరిగాయి, స్పందన తగ్గింది. రెండు బస్సులు వేస్తే స్టాపులో నిలబడే సమయం తగ్గుతుంది గానీ, ఎక్కాక ప్రయాణం అంతే కదా.

6వ రోజు

నా అనుమానాలను నేనే పరీక్షించుకుంటే కుదరదని తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. ఎఫ్‌పీఎస్ అంకె ఆపేసి, మూడు రకాలుగా మార్చి మార్చి ఆడించాను. ఏది ఏదో చెప్పలేదు. మొదటిది ఒక కార్డు, 46 ఫ్రేములు. రెండోది రెండు కార్డులు, 77. మూడోది మళ్ళీ ఒకే కార్డు, నీడల నాణ్యతను ఒక మెట్టు దించి 60 దాటకుండా కట్టేసింది. మొత్తం తొమ్మిది రౌండ్లు.

మూడోది వచ్చిన ప్రతిసారీ "అన్నా, ఇదే ఉంచు, దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మాత్రం తేల్చుకోలేకపోయాడు. రెండు కార్డులది వచ్చినప్పుడు ఒకసారి అన్న మాట రాసిపెట్టుకున్నాను: "బొమ్మ బాగానే కదులుతోంది గానీ, మౌస్ నీళ్ళలో తిప్పుతున్నట్టుంది." వాడికి మిల్లీసెకన్ల గొడవ ఏమీ తెలియదు.

న్యాయంగా ఇంకోటి కూడా చేసి చూశాను. రెండు కార్డులను 60 దగ్గర కట్టేస్తే రంపపు పళ్ళు చాలావరకు అరిగిపోయాయి. కార్డులకు కాస్త తీరిక దొరికితే ఎడం సరిగ్గా కుదురుతుంది. నీడలు పూర్తి నాణ్యతలో, నిలకడగా 60. బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నీడలను ఒక మెట్టు దించితే ఒక్క కార్డే ఇచ్చే దానికోసం ఇంకో 150 వాట్ల కార్డును మోయడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

8వ రోజు

నిన్న ఏమీ చేయలేదు. ఈ రోజు కొత్త ఆటలు.

గత మూడు నాలుగేళ్ళలో వచ్చినవి ఐదు ఆడి చూశాను. ఐదింటిలోనూ రెండో కార్డు వాడకం సున్నా. తలుపు దగ్గర చెప్పులు కాపలా కాస్తున్నట్టు కూర్చుంది. ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కూ అంతకు ముందు కార్డులకూ కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు రాయడం ఆపేసింది. పాత ప్రొఫైళ్ళు ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన ఆటకు రెండు కార్డులు కావాలంటే ఆటవాళ్ళే రాసుకోవాలి.

కొంచెం పాతదైన ఆరో ఆట డైరెక్ట్‌ఎక్స్ 11ది. డ్రైవర్ ప్రొఫైళ్ళను మార్చే ప్రొఫైల్ ఇన్‌స్పెక్టర్ అనే టూల్‌తో దాని మీద ఫ్రేముల పంపకాన్ని బలవంతంగా రుద్దాను. రెండో కార్డు లేచింది. తెర మీద మాత్రం ఒక ఫ్రేములో పున్నమి, మరో ఫ్రేములో అమావాస్య. నీడలు, నీటి మీద ప్రతిబింబాలు ఫ్రేము విడిచి ఫ్రేము మాయమవుతున్నాయి. అర నిమిషం కన్నా చూడలేకపోయాను.

అసలు జబ్బు ఇదే అని నాకు అప్పుడర్థమైంది. ఇప్పటి ఆటలు ఏ ఫ్రేమునూ ఒంటరిగా గీయవు. అంచులు నున్నగా కనపడటానికి వాడే టీఏఏ, కాంతి లెక్కలు, ప్రతిబింబాలు, తక్కువ రెజల్యూషన్ నుంచి పెద్ద బొమ్మ తీసే పద్ధతులు, అన్నీ ముందు ఫ్రేములో ఏముందో చూసి దాని మీద కట్టుకుంటాయి. వంతుల పద్ధతిలో ఆ ముందు ఫ్రేము ఎక్కడుంది? పక్క కార్డు మెమరీలో. కాపీ చేసుకోకపోతే నీడలు మాయమవుతాయి. చేసుకుంటే కాలం ఖర్చవుతుంది.

ఎంత కాలమో లెక్కేశాను. 1440పీలో ఒక్కో పిక్సెల్‌కు 8 బైట్లు వేసుకుంటే ఒక బొమ్మ దాదాపు 29 మెగాబైట్లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో 8 లేన్ల దారి సెకనుకు సుమారు 7.9 గిగాబైట్లు మోస్తుంది. అంటే ఆ ఒక్క బొమ్మకే 3.7 మిల్లీసెకన్లు. 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు మనకున్నది 16.7. పైగా కాపీ చేయాల్సింది ఒక్క బొమ్మ కాదు, లోతు వివరాలు, కదలికల వివరాలు కూడా. పైగా ముందు ఫ్రేము పూర్తయ్యేదాకా రెండో కార్డు మొదలుపెట్టలేకపోతే, ఇక వంతులెక్కడివి, పక్కపక్కన పనిచేయడమెక్కడిది?

మెమరీ సంగతీ ఇంతే. 8 కి 8 కలిస్తే 16 అవుతుందని చాలామంది ఆశపడతారు. ఒక ఆటలో టెక్స్చర్ల (వస్తువుల మీద అతికించే బొమ్మల) నాణ్యత ఎక్కువ పెడితే మెమరీ చాలడం లేదని హెచ్చరించింది. రెండు కార్డులున్నా లెక్కలో 8 గిగాబైట్లే. రెండూ అదే దృశ్యాన్ని గీయాలి గనుక, అవే టెక్స్చర్లు రెండింటిలోనూ ఉండాలి.

పాతకాలంలో ఈ వంతుల బాధ లేదు. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ తన వూడూ2 కార్డులతో ఎస్‌ఎల్‌ఐ అనే పేరు మొదట పెట్టినప్పుడు, తెర మీది గీతలను ఒకటి విడిచి ఒకటి రెండు కార్డులూ పంచుకునేవి. ఫ్రేము ఒకటే, దాన్ని ఇద్దరు గీసేవారు. ఆ కంపెనీ ఆస్తులు ఎన్విడియా చేతికి వచ్చాక, అవే మూడక్షరాలకు కొత్త అర్థం చెప్పి 2004లో జీఫోర్స్ 6 సిరీస్‌తో మళ్ళీ తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ (తర్వాత ఏఎండీలో కలిసిపోయిన కంపెనీ) క్రాస్‌ఫైర్‌తో దిగింది. ఆ తర్వాత పదేళ్ళపాటు నాలుగు కార్డులు పేర్చిన పీసీల ఫొటోలు చూసి నోరెళ్ళబెట్టిన తరం మాది.

వెనక్కి తగ్గడం కూడా మెట్టుమెట్టుగా జరిగింది. 2016లో నా 1070 వచ్చినప్పుడే ఎన్విడియా ఆటలకు రెండు కార్డులే చాలంది, 1060కి అసలు బ్రిడ్జి పెట్టే చోటే ఇవ్వలేదు. 2018లో ఆర్‌టీఎక్స్ 2070కి లేదు, 2080 నుంచి పైవాటికే. 2020లో 30 సిరీస్ వచ్చినప్పుడు 3090 ఒక్కదానికే. 2022లో 4090కి అదీ లేదు.

9వ రోజు

వేడి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఒకే క్యాబినెట్‌లో రెండు కార్డులూ అంతే.

పై కార్డు 84 డిగ్రీలు, కింది కార్డు 67. కింది కార్డు వెళ్ళగక్కిన వేడి గాలినే పైది పీల్చుకుంటోంది. 1070 మామూలుగా 83 డిగ్రీలను హద్దుగా పెట్టుకుని వేగం తగ్గించుకుంటుంది. పైది తగ్గితే కిందిది చల్లగా ఉన్నా ప్రయోజనం లేదు, వంతు కోసం ఆగాల్సిందే. జోడెద్దుల్లో ఒకటి కుంటితే బండి దాని నడకే నడుస్తుంది. 5వ రోజు రంపపు పళ్ళకు ఇది కూడా ఒక కారణమై ఉండాలి.

క్యాబినెట్ పక్క పలక తీసేసి టేబుల్ ఫ్యాన్ పెడితే 6 డిగ్రీలు తగ్గింది. చప్పుడు మాత్రం పిండి మరలా ఉంది. రెండు కార్డులకూ పవర్ హద్దు 80 శాతానికి దించితే ఆటలో నాలుగు ఫ్రేములే పోయాయి, గోడ ప్లగ్ దగ్గర మీటర్ 410 వాట్ల నుంచి 355కి దిగింది. ఒక్క కార్డుతో అదే ఆటకు 255. రెండు కార్డులను వాడక తప్పనివాళ్ళు ముందు చేయాల్సింది ఈ పవర్ హద్దు పనే.

11వ రోజు

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక దృశ్యం రెండర్ చేశాను (పూర్తి బొమ్మగా గీయించాను). రెండు కార్డులతో దాదాపు సగం సమయంలో అయిపోయింది, బ్రిడ్జి కూడా అక్కర్లేకుండా. ముక్కలు ముక్కలుగా పంచగలిగే పని, ఎవరికోసం ఎవరూ ఆగనక్కర్లేదు. ఆటకు మాత్రం ప్రతి బొమ్మ వెంటనే కావాలి, వరసలో కావాలి.

12వ రోజు

స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఏరా, నా కార్డు బతికే ఉందా?"

"ఉందిరా, రేపు తెచ్చిస్తా."

"ఇంతకీ పెట్టుకోవచ్చా? నా దగ్గర వేరేవాళ్ళది ఇంకోటి ఉంది, చవగ్గా ఇస్తారు."

వద్దన్నాను. రెండు మధ్యతరగతి కార్డుల బదులు ఒక మంచి కార్డు. నా దగ్గరున్నదీ అమ్మేసి, ఆ డబ్బుకు కొంత కలిపి ఒకటే కొంటాను గానీ ఇంకో 1070 కొనను. ఫోన్ పెట్టేశాక ఈ డైరీ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

13వ రోజు

అయిపోలేదు. కార్డు తిరిగిచ్చి వచ్చి క్యాబినెట్ శుభ్రం చేస్తుంటే, అటకమీద పెట్టెలో పాత ఆర్‌ఎక్స్ 570 కనపడింది. ఏఎండీది, 2017 నాటిది. లాస్‌లెస్ స్కేలింగ్ అనే యాప్‌లో రెండో కార్డును వేరేగా వాడుకోవచ్చని ఎప్పుడో చదివాను. అది ఆట గీసిన రెండు ఫ్రేములను చూసి, మధ్యలో ఉండాల్సిన ఫ్రేమును తనే కల్పిస్తుంది. ఆ కల్పించే పనిని రెండో కార్డుకు అప్పగించవచ్చు.

ఇక్కడ పంపకం తీరే వేరు. ఆటకు రెండో కార్డు ఉందని తెలియనే తెలియదు. 1070 ఆటంతా గీస్తుంది. పూర్తయిన బొమ్మ 570కి వెళ్తుంది. అది మధ్య ఫ్రేములు కల్పించి తెరకు పంపుతుంది. ఒకరు వండితే ఒకరు వడ్డించడం. ఇద్దరూ ఒకే గరిటె పట్టుకోవడం కాదు.

ఇంకా బాగున్నదేమిటంటే ఎస్‌ఎల్‌ఐ షరతులేవీ లేవు. కంపెనీలు వేరైనా పర్లేదు, బ్రిడ్జి అక్కర్లేదు, 8 లేన్లూ అక్కర్లేదు. 1440పీలో పంపాల్సింది పూర్తయిన బొమ్మ ఒక్కటే, పిక్సెల్‌కు 4 బైట్లతో 15 మెగాబైట్లలోపు. సెకనుకు 60 అంటే 0.9 గిగాబైట్లు. అడుగు స్లాట్‌లోని 4 లేన్లు సుమారు 3.9 మోస్తాయి. మొదటి రోజు నన్ను తిప్పికొట్టిన అదే స్లాట్‌లో ఇప్పుడు 570 కూర్చుంది. రెండు కార్డుల మధ్య చెయ్యి పట్టేంత గాలి. 1070కి దాని 16 లేన్లు దానికే తిరిగొచ్చాయి.

పెట్టాక గంటసేపు ఆట 570 మీదే నడిచింది, అదీ నత్తనడక. మానిటర్ తీగ 570కే పెట్టాలి, అది సరిగ్గానే పెట్టాను. కానీ అలా పెట్టగానే ఆట కూడా ఆ కార్డునే ఎంచుకుంది. విండోస్ 11లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఎక్కువ సామర్థ్యం గల కార్డుగా 1070ని ఎంచితే సరిపోయింది. విండోస్ 10 ఉన్నవాళ్ళు రిజిస్ట్రీలో వేలు పెట్టాలి.

14వ రోజు

ఒక యాక్షన్ ఆట తీసుకున్నాను. 1070 ఒక్కటే ఉంటే 62 ఫ్రేములు. ఫ్రేములు కల్పించే పనీ 1070కే పెడితే ఆట 49కి పడిపోయి, తెర మీద 98 కనపడ్డాయి. ఆ పని 570కి అప్పగిస్తే ఆట 60 దగ్గర నిలకడగా నడిచింది, తెర మీద 120. 570 ఊపిరాడక తడబడుతుంటే యాప్‌లో ఫ్లో స్కేల్‌ను (కదలికలను లెక్కించే రెజల్యూషన్‌ను) కాస్త దించాను, కుదుటపడింది. ఫ్రేముల మధ్య గ్రాఫ్ గీత గీసినట్టు ఉంది. 5వ రోజు గ్రాఫును పక్కన పెట్టి చూసుకున్నాను.

ఇది ఉచిత భోజనమేమీ కాదు. మధ్య ఫ్రేము కల్పించాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి, కాబట్టి స్పందన 60 కన్నా ఒక పిసరు మందంగానే ఉంటుంది, 120లా ఎప్పుడూ ఉండదు. వేగంగా తిరిగితే పాత్ర భుజాల చుట్టూ గాలి వణికినట్టు కనపడుతుంది, మూలన ఉన్న అక్షరాలు అప్పుడప్పుడు కరుగుతాయి. ఆటలోనే ఉండే ఫ్రేమ్ జనరేషన్‌కు ఏ వస్తువు ఎటు కదులుతోందో ఆట నుంచే తెలుస్తుంది. ఈ బయటి యాప్ ఉత్త బొమ్మలు చూసి ఊహించుకోవాలి. ఆన్‌లైన్‌లో తుపాకీ ఆటలు ఆడేవాళ్ళు దీని జోలికి పోవద్దు. కథ నడిచే ఆటలకు నేను పెట్టుకుంటాను.

తమ్ముణ్ణి మళ్ళీ కూర్చోబెట్టాను. పది నిమిషాలు ఆడి, "కార్డు మార్చావా?" అన్నాడు. ఇంకో ఐదు నిమిషాలయ్యాక, "ఆ భుజం దగ్గర ఏంటన్నా, పొగలా?" అన్నాడు. రెండూ నిజమే.

అటకమీద కార్డు ఉంటే చేసి చూడండి. లేకపోతే దీనికోసం కొనకండి. 570 వల్ల మీటర్ మీద ఇంకో 70 వాట్లు పెరిగింది, అది కూడా లెక్కలో వేసుకోవాలి. రెండో కార్డుకు ఇలా వేరే పని అప్పగించడం కొత్తేమీ కాదు, ఒకప్పుడు ఫిజ్ఎక్స్ (ఆటలో వస్తువులు ఎలా కదలాలో లెక్కించే ఎన్విడియా పద్ధతి) లెక్కల కోసం చిన్న కార్డు పెట్టేవాళ్ళు. 2025లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో పాత 32 బిట్ ఫిజ్ఎక్స్ ఆటలు కార్డు మీద నడవకుండా పోయినప్పుడు, కొందరు పాత కార్డులను మళ్ళీ దింపి పక్కన పెట్టుకున్నారు.

16వ రోజు

570కి థర్మల్ పేస్ట్ మార్చాను, 9 డిగ్రీలు తగ్గింది. పక్క పలక మళ్ళీ బిగించాను. టేబుల్ ఫ్యాన్ దాని చోటికి అది వెళ్ళింది.

మిగిలిన పనులు: 570 పవర్ హద్దు ఇంకా ఎంత దించవచ్చో చూడాలి. అడుగు స్లాట్ దారినే ఎస్‌ఎస్‌డీ కూడా పంచుకుంటోంది, పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు ఫ్రేములు తడబడతాయేమో కొలవాలి. స్నేహితుడి బ్రిడ్జి ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేస్తే, "నీ దగ్గరే ఉంచుకోరా, నా సొరుగులో చోటు లేదు" అన్నాడు.